బాటసారి భోజనం

పరవూరి నుండి వచ్చినవాడు మొదట అడిగేది, ఎక్కడ తినాలి అని గదా! మన పట్నంలో దీనికి జవాబు ఇరానీ హోటళ్లు. ఇరాన్ నుండి బొంబాయి, పూనాల మీదుగా వచ్చిన కుటుంబాలు వీటిని నెలకొల్పాయి. ఒక చాయ్, ఒక ఉస్మానియా బిస్కట్టు చాలు. పాలరాతి బల్ల దగ్గర రిక్షావాలా, వకీలు సాబ్ పక్కపక్కనే కూర్చునేవారు. అరబ్బుల హరీస్ నుండి వచ్చిన హలీం ఈ హోటళ్లలోనే జనానికి పరిచయమై, 2010లో భౌగోళిక గుర్తింపు పొందింది.

2008 మార్చిలో విమానాల రాకపోకలు బేగంపేట నుండి శంషాబాద్‌కు మారాయి. బెంగుళూరు రోడ్డు మీద కొత్త హోటళ్లు లేచాయి. పట్నంలో పాత ఇరానీ హోటళ్లు ఎన్నో మూతబడ్డాయి. మంచి హోటల్ ఏదని పిల్లలు అడిగితే మేము చెప్పేది ఇదే: కూలివాడు జంకు లేకుండా వచ్చి కూర్చోగలిగినదే మంచి హోటల్.