గుక్కెడు నీళ్లు, గరిటెడు పప్పు

విజయవాడ, రోహిణి కార్తె. పొద్దున తొమ్మిదింటికే సత్యనారాయణపురంలో డాబా గోడలు సెగలు కక్కుతున్నాయి. నిన్న సాయంత్రమే మీరు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు. పొట్ట మీద నాలుగైదు చోట్ల చిన్న చిన్న పట్టీలు. నోరు పిడచకట్టుకుపోతోంది. చేతిలో మందు కొలిచే చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంది. అందులో పట్టేది 30 మిల్లీలీటర్లు.

ఒక్కసారిగా గొంతులో ఒంపేసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఒంపేసుకున్నారు. నీళ్లు రొమ్ము ఎముక వెనక వరకూ వెళ్లి ఆగిపోయాయి. అక్కడ ఎవరో పిడికిలితో నొక్కిపట్టినంత బరువు. ఊపిరి బిగబట్టి కుర్చీ చెయ్యి పట్టుకుంటారు. కాసేపటికి బరువు మెల్లగా దిగుతుంది. తర్వాతి గుక్కకి పెదవులు తడుపుకున్నంతే తీసుకుంటారు.

మీకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేశారు. మిగిలింది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అదీ లోపలి వాపు తీశాక. కానీ ఒంటికి మాత్రం రోజుకి కనీసం లీటరున్నర నీళ్లు కావాలి. ఈ కప్పుతో యాభై సార్లు. పావుగంటకో కప్పు చొప్పున తాగితే పన్నెండున్నర గంటలు. అంటే మెలకువగా ఉన్నంతసేపూ మీ ఉద్యోగం ఇదే.

ఫోన్‌లో అలారం మోగుతుంది, తాగుతారు. మళ్లీ మోగుతుంది. మీ అమ్మ ఊరి నుంచి వచ్చి వారమైంది. కారం లేకుండా కాచి వడగట్టిన చారు తేట ఒకసారి, కొబ్బరినీళ్లు ఒకసారి, పంచదార వెయ్యని బార్లీ నీళ్లు ఒకసారి తెచ్చి పెడుతోంది. ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీద ప్రతి కప్పుకీ ఒక గీత గీస్తోంది. మధ్యాహ్నం లేచి నిలబడగానే కళ్లు తిరిగాయి. బాత్రూంలో చూసుకుంటే మూత్రం ముదురు పసుపు. కాగితం మీద గీతలు తక్కువగానే ఉన్నాయి. ఈ ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సివచ్చే కారణాల్లో ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం ముఖ్యమైనది. తాగింది తాగినట్టు కక్కేస్తుంటే ఇంట్లో కూర్చుని కప్పులు లెక్కపెట్టకూడదు, ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి. ఆపరేషన్‌కి ముందు అందరూ ‘తర్వాత ఏం తినాలి?’ అనే అడుగుతారు. కృష్ణా తీరపు ఎండల్లో ఎలా తాగాలన్నది అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

వంటింట్లోంచి ఘాటు వాసన. ఆవపిండి, కొత్త కారం, నువ్వుల నూనె. మీ అమ్మ ఆవకాయ కలుపుతోంది. పళ్లెంలో వేడన్నం పోసి, ఆవకాయ కలిపిన గిన్నె అడుగున అంటుకున్న ముద్ద అందులో కలిపి పిల్లలకి తినిపిస్తోంది. మీ నోట్లో నీళ్లూరాయి. విచిత్రమేమిటంటే మీకు ఆకలి లేదు. పొద్దుటి నుంచీ లేదు. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్‌ని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో గుర్తించారు. అది ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో. సర్జన్ తీసేసింది ఆ భాగాన్నే. కడుపు అడగడం లేదు. నాలుక అడుగుతోంది, కళ్లు అడుగుతున్నాయి, పుట్టినప్పటి నుంచీ ఆ ముద్ద కోసం చాచిన చెయ్యి అడుగుతోంది. ఇన్నేళ్లూ ఈ అడగడాన్నంతటినీ కలిపి ఆకలి అనుకున్నారు. ఇప్పుడు వేటికవి విడివిడిగా వినబడుతున్నాయి. నాకు తెలిసినంతలో, ఈ ఆపరేషన్ మనిషికిచ్చే అతి విలువైన ఎరుక ఇదే. ఏడిపించేదీ ఇదే. మీరు లేచి ముందు గదిలోకి వెళ్లిపోతారు. అమ్మ చూసింది. మర్నాటి నుంచి పిల్లల అన్నం పెరట్లో.

వారాలు గడిచాయి. పల్చటివి పోయి మెత్తటివి వచ్చాయి. కందిపప్పు మెత్తగా ఉడికించి, ఎనిపి, జల్లెడ పడుతోంది అమ్మ. పసిపిల్లల చెంచాతో తింటున్నారు. డైటీషియన్ రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అంది. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. గరిటెడు పప్పులో అంతకన్నా తక్కువే. అందుకే ప్రొటీన్ పొడి డబ్బా వచ్చింది.

“నా చేతి పప్పుండగా ఈ పిండి నీళ్లు తాగి బతుకుతావుటే?” అమ్మకి కోపం.

“పప్పు తింటానమ్మా. కానీ ఎంతని పడుతుంది?”

అమ్మ మాట్లాడలేదు. డబ్బా తిప్పి, కళ్లజోడు పెట్టుకుని, లేబుల్ మీద అంకెలు చదివింది.

ఇంకొన్నాళ్లకి అన్నం. ఒకే ఒక్క ముద్ద, పెరుగుతో. రుచి తగలగానే చెయ్యి పాత వేగం అందుకుంది. సరిగా నమలకుండానే మూడో ముద్ద మింగేశారు. మళ్లీ అదే చోట పట్టేసింది. ఈసారి నోటినిండా నురగ. సింకు దగ్గర వంగి ఉమ్ముతూనే ఉన్నారు. అమ్మ వీపు నిమురుతూ “నీళ్లు తాగవే తల్లీ” అంటోంది. మీరు చెయ్యి అడ్డం పెడతారు. గొట్టం దగ్గర ముద్ద ఇరుక్కుని ఉంటే పైనుంచి నీళ్లు పోసి లాభం లేదు. బంకగా ఉండే అన్నం, మెత్తటి బ్రెడ్డు దిగడానికి మొండికేస్తాయి. ఆ రోజు నుంచి ముద్దకి పాతిక సార్లు నమలడం, మధ్యలో చెంచా కింద పెట్టడం. కంచం పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టడం మన ఇళ్లలో మర్యాద. మీ కంచం పక్కన ఇప్పుడది ఉండదు. తిన్నాక అరగంట వరకూ నీళ్లు లేవు.

మొదటి రెండు వారాల్లో గబగబా దిగిన బరువు మూడో వారంలో కదలడం మానేసింది. రోజూ పొద్దున్నే మిషనెక్కుతారు. అదే అంకె. తింటున్నది చెంచాడు, అయినా అదే అంకె. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ తనతోపాటు చాలా నీటిని పట్టి ఉంచుతుంది. అది కరిగినప్పుడు ఆ నీరూ పోతుంది, అందుకే మొదట అంత దిగింది. తర్వాత ఒళ్లు కొత్త తిండికి సర్దుకుంటూ కొంత నీటిని తిరిగి పట్టుకుంటుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉన్నా మిషను చూపించదు. చేతి గాజులు చూపిస్తాయి. మోచేతి దాకా జారుతున్నాయి.

మూడో నెల దాటాక దువ్వెననిండా జుట్టు. “దిష్టి తగిలింది, ఎవరి కళ్లో పడ్డాయి” అంటూ అమ్మ ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పారేసింది. తిప్పనివ్వండి, నష్టం లేదు. పెద్ద ఆపరేషన్, ఉన్నట్టుండి తగ్గిన బరువు కలిసి వెంట్రుకల్ని విశ్రాంతి దశలోకి తోశాయి. కొన్ని నెలల్లో చాలావరకూ తిరిగొస్తాయి. ఐరన్, బి12, కాల్షియం మాత్రలు మాత్రం మానకూడదు. ఐరన్‌కీ కాల్షియానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. రక్తపరీక్షలూ మాత్రలూ జీవితాంతం.

ఏడాది తిరిగేసరికి తెనాలిలో పెళ్లి. బంతిలో కూర్చోగానే అరిటాకు నిండింది. పెద్దమ్మ స్వయంగా బూరెల పళ్లెంతో వచ్చింది. “చిక్కి సగమయ్యావే! ఒక్కటి, నా మీద ఒట్టు.” మీ పక్కన కూర్చున్న మరిది గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నాడు. ఆ పూర్ణం తింటే అతనికి కాసేపట్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలి. తీపి పేగులోకి ఒక్కసారిగా దిగితే అంతే. అతను ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. మీరు పప్పూ, పెరుగూ తిని బూరెలో పావు తుంచుకున్నారు. పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. కొసరి వడ్డించడమే ప్రేమగా పెరిగిన మనిషికి ఆ పావు ముక్క అవమానంలా ఉంటుంది. లేచాక ఆవిణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్లో కబుర్లన్నీ అడుగుతారు.

తర్వాతి వేసవికి మిషను మూడు కిలోలు ఎక్కువ చూపించింది. కాళ్లు వణికాయి. తక్కువ బరువుకి చేరాక చాలామందికి కొంత వెనక్కొస్తుందని డాక్టరు మొదటే చెప్పాడు. అయినా ఆ అంకె ముందు నిలబడితే ఆ మాట గుర్తురాదు. ఫోన్ తీసి డైటీషియన్‌కి చెప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

“ఫోన్ చేశారు, అదే మంచిపని” అందామె. “మూడు రోజుల నుంచి ఏం తిన్నారో చెప్పండి. జంతికలూ బిస్కెట్లూ కూడా. నమలగానే కరిగిపోయేవి మీ గొట్టం ఆపదండి, జారిపోతాయి. అవి ముందు రాసుకుందాం, పప్పు సంగతి తర్వాత.”

మీరు చెబుతున్నారు. అటునుంచి కీబోర్డు చప్పుడు వినబడుతోంది. “సాయంత్రం టీతో?” అందామె. “జంతికలు” అన్నారు మీరు. “సరే. రేపటి నుంచి ఆ టైముకి ఉడకబెట్టిన శనగలు పెట్టుకోండి. ఎల్లుండి మళ్లీ మాట్లాడదాం.”