అల్లిక

‘అల్లు’ అను అచ్చతెనుఁగు ధాతువునకు ‘ఇక’ ప్రత్యయము చేరఁగా, కోరిక, కలయికలవలెనే ‘అల్లిక’ యేర్పడినది. జడయు, బుట్టయు, పూలదండయు, తుదకు కల్లబొల్లి కథయు నల్లఁబడునవే. పెద్దన కవితామాధుర్యమును మెచ్చిన రసికులును ఈ మాటనే యెన్నుకొనిరి. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నరసాపురపు సీమకుఁ దెచ్చిన లేసుపని నేఁతయుఁ గాదు, కుట్టును గాదు. ఒక్క దారమును కొక్కెపు సూదితో ఉచ్చులోనుండి యుచ్చుగా లాగి, పూవును రేకును దీర్చు నా విద్యకు మన స్త్రీలు ఈ ప్రాఁతమాటనే తగిలించి ‘లేసు అల్లిక’ యనిరి. సంక్రాంతికి బొమ్మలకొలువు మెట్లపైఁ బఱచిన తెల్లబట్ట యంచున వ్రేలాడు నా జాలరును జూచితిరా? దానిని ‘లేసు కుట్టు’ అనువారును లేకపోలేదు గాని, అల్లునప్పుడు సూది గ్రుచ్చుటకు అచట గుడ్డయే లేదుగదా!