ఆకుపచ్చ రంగు నుండి విద్యుత్ ప్రవాహం దాకా: కొలెస్టరాల్ కొలత కథ

మీ రక్తపరీక్ష నివేదికలో 'మొత్తం కొలెస్టరాల్ 210' అని ఉన్నదనుకుందాం. ఆ అంకెను ఎలా రాబట్టారో ఎన్నడైనా ఆలోచించారా?

మా విద్యార్థి దశలో అది ఆకుపచ్చ రంగు నుండి వచ్చేది. 1885లో లీబెర్మాన్ గుర్తించగా, కొద్ది సంవత్సరాలకు బుర్‌కార్డ్ మెరుగుపరచిన రసాయన చర్య అది. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చేరితే కొలెస్టరాల్ ఆకుపచ్చగా మారుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉన్నదో కలరీమీటరుతో కొలిచేవారు. ఆమ్లం చొక్కాలకు చిల్లులు పెట్టేది. అది చిన్న సంగతి. కామెర్ల రోగి రక్తంలోని బిలిరుబిన్ కూడా అదే ఆమ్లంలో ఆకుపచ్చబడి, లేని కొలెస్టరాల్‌ను ఉన్నట్టు చూపేది. అసలు చిక్కు అదీ.

రంగును వదిలి విద్యుత్తును ఆశ్రయించే మార్గం అమెరికా శాస్త్రజ్ఞుడు లేలండ్ క్లార్క్ చూపాడు. రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌ను 1956లో ప్రకటించిన ఆయన, 1962లో లయన్స్‌తో కలిసి దానికి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును జోడించే ఆలోచనను లోకం ముందుంచాడు. నేటి గ్లూకోమీటరుకు మూలం అదే.

మరి కొలెస్టరాల్ ఎందుకు వెనుకబడింది? చక్కెర నీటిలో ఇట్టే కరుగుతుంది, కొలెస్టరాల్ కరగదు. పైగా రక్తంలోని కొలెస్టరాల్‌లో దాదాపు మూడింట రెండు వంతులు కొవ్వు ఆమ్లాలతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పనిదే ఎంజైము దాని జోలికి పోదు. 1970ల తొలి సంవత్సరాలలో బాక్టీరియా నుండి కొలెస్టరాల్ ఆక్సిడేజ్ చేతికందాక దారి తెరుచుకున్నది. సబ్బు వంటి ద్రావకం కొలెస్టరాల్‌ను విడదీస్తుంది, ఎస్టరేజ్ ముడి విప్పుతుంది, ఆక్సిడేజ్ దానిని ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. ప్లాటినం ఎలక్ట్రోడ్ వద్ద ఒక్కో పెరాక్సైడు అణువు రెండేసి ఎలక్ట్రాన్లను వదులుతుంది. ఆ ప్రవాహమే మన అంకె.

నేటికీ పెద్ద ప్రయోగశాలలలో ఎక్కువగా ఇదే పెరాక్సైడును గులాబీ రంగుగా మార్చి కొలుస్తారు. విద్యుత్ పద్ధతి కొన్ని చేతి పరికరాలలో స్థిరపడింది.

అయితే కామెర్ల నాటి చిక్కు మరో వేషంలో వచ్చింది. విటమిన్ సి కూడా ఎలక్ట్రోడ్ వద్ద ఎలక్ట్రాన్లు ఇస్తుంది కనుక, తగిన అడ్డుపొర లేకపోతే అంకె పెరుగుతుంది. గులాబీ రంగు పద్ధతిలోనో, అదే విటమిన్ పెరాక్సైడును మింగి అంకెను తగ్గిస్తుంది! అధిక మోతాదులో ఆ మాత్రలు వాడుతున్నవారు రక్తం ఇచ్చేముందు ఆ సంగతి చెప్పండి.