తునిలో రెండు బళ్ల తూకం: అంబాసిడర్, ఫియట్ల నుంచి క్రెటా, సెల్టోస్‌ల దాకా

తాండవ నదికి ఇవతలి ఒడ్డున తుని, అవతలి ఒడ్డున పాయకరావుపేట ఉన్నాయి. నడుమనున్న వంతెన దాటడానికి కొద్ది నిమిషాలే పట్టినా, ఆ నది చిరకాలం తూర్పు గోదావరి, విశాఖపట్నం జిల్లాలకు సరిహద్దుగా నిలిచినందువల్ల ఒకే బజారులో తిరిగే బళ్లలో కొన్నింటి మీద ఏపీ 05, కొన్నింటి మీద ఏపీ 31 అంకెలు కనిపించేవి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస వచ్చాక కొత్త బళ్లలో ఆ తేడా పోయింది. 2022లో తుని కాకినాడ జిల్లాలోకి, పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోకి చేరాయి. మద్రాసు–కలకత్తా రహదారి మీద, హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉన్న తునికి ఇటు రాజమహేంద్రవరం, అటు విశాఖపట్నం దాదాపు నూరేసి కిలోమీటర్ల దూరం. దేశంలో తయారైన ప్రతి రకం బండీ ఈ ఊరి మీదుగానే పోయేది గాని, దాన్ని కొనడానికీ, పెద్ద మరమ్మతు చేయించడానికీ ఊరివారు నగరాలకు పోవలసి వచ్చేది. ఇక్కడి కొనుగోలుదారు రెండు బళ్లను పక్కపక్కన పెట్టి చూసిన పద్ధతిని ఈ దూరమే చాలావరకు తీర్చిదిద్దింది.

మోటారు రాకముందు ఈ బేరీజు ఎడ్ల జత దగ్గర జరిగేది. పళ్లు చూసి వయసు, గిట్టలు చూసి నడక, సుడులు చూసి శుభాశుభాలు నిర్ణయించాక గాని రైతు పలుపు అందుకునేవాడు కాదు. 1893–96 మధ్య తూర్పు తీరపు రైలు మార్గం దశలవారీగా తెరుచుకున్న తరువాత, తుని మామిడికాయకూ తమలపాకుకూ దూరపు మార్కెట్లు అందుబాటులోకి రాగా, తోటల నుంచి స్టేషను దాకా సరుకు చేర్చే పని ఎడ్లబండిది, దిగిన ప్రయాణికులను ఊళ్లకు చేర్చే పని జట్కాది అయింది. ఒకటి బరువుకు, మరొకటి వేగానికి అన్న విభజన అప్పుడే స్థిరపడింది. ఈ రెండు గుణాలనూ ఒకే బండిలో కోరుకోవడం తరువాతి కాలపు కోరిక.

స్వాతంత్ర్యానంతరం విదేశీ కార్ల దిగుమతిని ప్రభుత్వం అదుపు చేసింది. 1953లో టారిఫ్ కమిషన్, అంటే దిగుమతి సుంకాల విషయంలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే సంఘం, దేశంలోనే విడిభాగాలు తయారుచేసే ప్రణాళిక లేని సంస్థలు కొనసాగనక్కరలేదని సూచించడంతో, జనరల్ మోటార్స్, ఫోర్డ్ వంటివి తమ కూర్పు కర్మాగారాలను మూసివేసి వెళ్లిపోయాయి. మిగిలినవాటిలో మూడు పేర్లే సామాన్య పాఠకుడికి తెలిసినవి: కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1957లో మొదలుపెట్టిన అంబాసిడర్, బొంబాయిలోని ప్రీమియర్ సంస్థ తయారుచేసిన ఫియట్ 1100, మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. ఫియట్‌కే 1974లో ప్రీమియర్ పద్మిని అన్న పేరు వచ్చింది గాని, జనం నోట అది చివరిదాకా ఫియట్‌గానే మిగిలింది.

ఈ మూడింటిలో నిజమైన పోటీ మొదటి రెంటి మధ్యనే నడిచింది. అంబాసిడర్‌ది 1,489 సీసీ పెట్రోలు ఇంజను, ఫియట్‌ది 1,089 సీసీ. సీసీ అంటే ఇంజను సిలిండర్లలో పిస్టన్లు కదిలే చోటి పరిమాణం. అది పెరిగిన కొద్దీ లాగే శక్తితో పాటు సాధారణంగా ఇంధనపు ఖర్చూ పెరుగుతుంది. అంబాసిడర్ పెద్దది, బరువైనది. వెనుక కమాను పట్టీల మీద ఊగుతూ గుంతల రోడ్డును ఓర్చుకునేది, పెళ్లివారిని సామానుతో సహా అన్నవరం కొండకు చేర్చేది. ఫియట్ చిన్నది, తేలికైనది. తక్కువ పెట్రోలుతో నడిచేది, ఇరుకు వీధిలో సులువుగా తిరిగేది గనుక సొంతంగా నడుపుకునే డాక్టర్లు, వకీళ్లు, వ్యాపారులు దాని వైపు మొగ్గేవారు. రెండింటికీ గేరు మార్చే కర్ర స్టీరింగు కిందనే ఉండేది, ముందు సీటు బల్లలా ఒకే ముక్కగా ఉండేది. అందువల్ల అయిదుగురి బండిలో ఎందరు కూర్చునేదీ అవసరాన్ని బట్టి తేలేది.

అయితే ఆ రోజుల్లో తూకం ఎంత నిశితంగా వేసినా కొనుగోలుదారు చేతిలో ఉన్నది స్వల్పమే. ఏటా ఎన్ని కార్లు తయారుకావాలో, ఎంతకు అమ్మాలో ప్రభుత్వ నియంత్రణలో ఉన్నందువల్ల సొమ్ము కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. వంతు వచ్చిన బండిని తీసుకోవడమే గాని కోరిన బండిని తీసుకోవడం కాదు. ఈ కొరతలోనే ఒక మంచి అలవాటు పుట్టింది. ఒక్కసారి కొన్న కారు ఇరవై ఏళ్లు నడవాలి గనుక, కొనేవారు మొదట అడిగిన ప్రశ్న దాని వేగం గురించి కాక దాన్ని బాగుచేసే మేస్త్రీ గురించి. కార్బ్యురేటరు, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం, విప్పి తుడిచి మళ్లీ బిగించగల మనిషి ఊళ్లో ఉన్నాడా, క్లచ్చి పలక అరిగితే కాకినాడ నుంచి మర్నాటికి వస్తుందా అన్నవి ఆనాటి అసలైన పరీక్షలు. 1974లో కొవ్వూరు, రాజమహేంద్రవరాల మధ్య రైలు, రోడ్డు కలిసిన వంతెన తెరుచుకునేదాకా దక్షిణం నుంచి రోడ్డున వచ్చే వాహనాలు గోదావరిని పంట్ల మీద దాటవలసి వచ్చిందన్న సంగతి గుర్తుంచుకుంటే, విడిభాగం గురించిన ఈ ఆందోళన ఎంత సహేతుకమో తెలుస్తుంది.

తునికి మరో ముఖం కూడా ఉంది: ఉత్తర దిశగా కోటనందూరు, నర్సీపట్నం దాటితే మన్యం మొదలవుతుంది. ఆ కొండదారుల్లో కార్లు పనికిరాక జీపులే తిరిగాయి. 1940ల చివర మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల భాగాలను తెప్పించి కూర్చడంతో మొదలైన ఈ వంశంలోకే 2000లో బొలెరో, 2002లో స్కార్పియో వచ్చాయి. 1994లో వచ్చిన టాటా సుమోనూ జనం ఈ వరుసలోనే చేర్చుకున్నారు. లారీకి లాగే ఇనుప చట్రం ఒకటి కింద, దాని మీద బిగించిన పైకట్టు ఒకటి పైన ఉండడం వీటి నిర్మాణం. బరువు మోయడానికీ రాళ్ల మీద నడవడానికీ ఇది సాటిలేనిదే గాని, మలుపులో ఒరుగుతుంది, వెనుక కూర్చున్నవారి నడుము అదురుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. మరోపక్క 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలు చేతులు మారాక పట్టణపు మధ్యతరగతికి మైలేజీ అన్న కొలమానం ప్రధానమైంది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన తొలగాక 1998లో శాంత్రో, ఇండికా వచ్చి నిజంగా ఎంచుకునే హక్కును కొనుగోలుదారుకు ఇచ్చాయి.

క్రాసోవర్ ఈ రెండు వంశాల కలయిక. కారుకు ఉన్నట్టే నేల, స్తంభాలు, పైకప్పు అన్నీ ఒకే పెంకుగా వెల్డింగు చేసిన నిర్మాణం మీద జీపు ఎత్తునూ ఠీవినీ నిలబెట్టిన బండినే క్రాసోవర్ అంటారు. ప్రపంచంలో 1994 నాటి టొయోటా రావ్4 దీనికి దారి చూపిన ప్రముఖ నమూనా. మన దేశంలో 2012లో రెనో డస్టర్, 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ దీన్ని ఇంటింటి మాటగా చేశాయి. తుని వంటి ఊరికి ఈ రూపం ఎందుకు నచ్చిందో రోడ్డే చెబుతుంది. స్వర్ణ చతుర్భుజి పథకంలో తుని–అనకాపల్లి మధ్య 59 కిలోమీటర్ల రహదారి నాలుగు వరుసలై 2004 డిసెంబరులో వాడుకలోకి వచ్చింది. ఐదో నంబరు జాతీయ రహదారి తరువాత పదహారో నంబరుగా మారింది. ఆ రోడ్డు మీద కారు నిలకడ కావాలి. దాన్ని వదిలి పొలాల వైపు తిరిగితే వానాకాలపు గుంతలకు నేల ఎత్తు కావాలి.

పన్నులు కూడా ఈ బళ్ల కొలతలను నిర్ణయించాయి. 2006 బడ్జెట్టు నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలుకు 1,200 సీసీ, డీజిలుకు 1,500 సీసీ మించని ఇంజను గల కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించింది. 2013లో పొడవు నాలుగు మీటర్లు, ఇంజను 1,500 సీసీ మించి, నేల ఎత్తు 170 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉన్న బళ్లను ఎస్‌యూవీలుగా నిర్వచించి 27 నుంచి 30 శాతానికి పెంచారు. జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీతలు నిలిచాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, మిగిలినవాటికి 40 శాతం అమలవుతున్నది. షోరూములో కనిపించే 1,497 సీసీ, 1,493 సీసీ అన్న వింత అంకెలు 1,500 సీసీ గీతకు కొద్దిగా ఇవతల ఆగినవే.

ఇక ఈనాటి తునిలో అంబాసిడర్, ఫియట్ల స్థానాన్ని ఆక్రమించిన జంట హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్. క్రెటా 2015 జూలైలో విడుదలైంది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో తయారవుతున్నది. సెల్టోస్ 2019 ఆగస్టులో వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్‌లోనే పెనుకొండ దగ్గరి కర్మాగారంలో పుట్టిన మొదటి బండి కావడం తెలుగువారికి గర్వకారణం. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరిన రెండేళ్లకే, కరవు సీమగా పేరుపడ్డ నేల మీద, ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యంతో ఆ కర్మాగారం నిలబడింది. అయితే కొనేవారు తెలుసుకోవలసిన ముఖ్య విషయం మరొకటి: దివాలా తీసిన కియాను 1998లో హ్యుందాయ్ చేజిక్కించుకున్నందువల్ల ఈ రెండు సంస్థలూ ఒకే కుటుంబానివి. 2020 నాటి రెండో తరం క్రెటాకూ మొదటి తరం సెల్టోస్‌కూ అడుగు నిర్మాణం ఒకటే, ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2,610 మిల్లీమీటర్లే, ఇంజన్లూ ఒకటే. అంబాసిడర్, ఫియట్ల మధ్య ఉన్నంత మౌలికమైన భేదం వీటి మధ్య లేదు. తోబుట్టువులైన ఈ రెండు బళ్లకు ముందు దీపాల తీరు, సస్పెన్షను మెత్తదనం, తెర పరిమాణం, ధరల వరుస వేరు. తక్కినదంతా ఒకే ఇంటిది.

ఢీకొట్టే పరీక్ష ఈ మాటకు అంకెలతో సాక్ష్యమిచ్చింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే స్వచ్ఛంద సంస్థ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారు ముందు భాగంలో ఒక పక్కను అడ్డుగోడకు కొట్టించి, లోపలి బొమ్మలకు తగిలిన దెబ్బను బట్టి నక్షత్రాలు ఇచ్చేది. 2020లో సెల్టోస్‌కు పెద్దల రక్షణలో 17 మార్కులకు 8.03, 2022లో క్రెటాకు సరిగ్గా 8 వచ్చాయి. రెండింటికీ మూడేసి నక్షత్రాలు, రెండింటి పెంకూ నిలకడ లేనిదన్న తీర్పే. పిల్లల రక్షణలో మాత్రం క్రెటాకు మూడు, సెల్టోస్‌కు రెండు నక్షత్రాలు. అప్పటికే, 2018లో, టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు పొందింది. అంటే కోరితే చేయలేని పని కాదది. ఆ తరువాత రెండు సంస్థలూ అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇవ్వసాగాయి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ అమలులోకి వచ్చి పరీక్ష స్వదేశంలోనే జరుగుతున్నా, సాధారణంగా సంస్థ తనంతట తాను బండిని పంపితేనే అది జరుగుతుంది. ఇది తప్పనిసరి కాకపోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం.

కొన్న బండి ఏదైనా దాని తొలి ప్రయాణం ఈ ప్రాంతంలో తరచు ఒక్కచోటికే సాగుతుంది. తునికి సమీపంలో దారకొండ, తీగకొండల నడుమ వెలసిన తలుపులమ్మ లోవలో కొత్త వాహనానికి పూజ చేయించడం ఉభయ గోదావరి, విశాఖ ప్రాంతాల్లో బలమైన ఆచారం. లారీ అయినా, ఆటో అయినా, క్రాసోవర్ అయినా పసుపు కుంకుమలు పూసి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నడిపిస్తారు; అమ్మవారి పేరు రాసిన అద్దాలు పదహారో నంబరు రహదారి మీద పదేపదే ఎదురవుతాయి. దారిలో ప్రాణం నిలవాలన్న కోరికే ఈ ఆచారానికి మూలం గనుక, అదే కోరిక షోరూములోనూ ముందు రావాలి. మేస్త్రీ గురించి మొదట అడిగిన వెనుకటి తరం తన కాలానికి తగిన ప్రశ్ననే అడిగింది. నేడు క్రెటా, సెల్టోస్‌ల మధ్య ఊగిసలాడే కుటుంబం ముందుగా అడగవలసింది, తాము కొనబోయే తరానికీ రకానికీ ఢీకొట్టే పరీక్ష జరిగిందా, జరిగితే పెద్దలకు ఎన్ని నక్షత్రాలు, పిల్లలకు ఎన్ని అన్నదే. తరువాత ఇంటిల్లిపాదీ వెనుక సీటులో కూర్చుని చూడాలి, సర్వీసు కేంద్రం ఎంత దూరమో తెలుసుకోవాలి. తెర పరిమాణం, రంగు, పైకప్పు అద్దం ఆ తరువాత ఎంచుకోదగినవి.