తగినదే తగవైంది

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళకు గట్టు తగువులు కొత్త కాదు. పైచేను ఆసామి బోదెకు అడ్డం వేస్తే కిందిచేను నెర్రెలిస్తుంది. ఒకరు గట్టు చెక్కితే పక్కవాడికి ఒళ్ళు మండుతుంది. నా చిన్నప్పుడు అలాంటివాళ్ళు మా తాతయ్య దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన అరుగు మీద కూచుని ఇద్దరి గోడూ వినేవాడు. మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు వేసేవాడు. ఆఖర్న ఒకే ఒక్క మాట అనేవాడు. దాన్ని ఊళ్ళో ‘తగువు చెప్పడం’ అనేవాళ్ళు. తగువు పడేది ఇద్దరు, తగువు చెప్పేది మూడోమనిషి. జబ్బుకూ మందుకూ ఒకటే పేరు ఎలా వచ్చిందో నాకు చాలా ఏళ్ళపాటు అంతుపట్టలేదు.

ముడి ‘తగు’ అన్న చిన్న క్రియలో ఉంది. తగిన సంబంధం, తగుమాత్రం ఉప్పు, నీకిది తగదు, ఇవన్నీ దాని పిల్లలే. అర్హత లేకున్నా ముందుకు తోసుకొచ్చేవాణ్ణి ‘తగుదునమ్మా అని వచ్చాడు’ అంటాం కదా, అందులో ఉన్నదీ అదే. తగినది ఏదో అదే తగవు. పాత కావ్యభాషలో తగవు అంటే న్యాయం, ధర్మం, ఉండవలసిన తీరు. తగవరి అంటే పోట్లాటలకు పోయేవాడు కాదు, న్యాయం తప్పనివాడు, మధ్యవర్తి. ఈ కుటుంబం తెలుగు ఒక్కదానిదే కూడా కాదు. కన్నడంలో ‘తక్క’ ఉంది, తమిళంలో ‘తగుది’, ‘తగవు’ ఉన్నాయి. తిరుక్కుఱళ్‌లో పక్షపాతం లేకుండా ఉండటాన్ని గురించి చెప్పే అధ్యాయంలో ఈ రెండు మాటలూ కనిపిస్తాయి. తమిళంలో తగవు ఆ గౌరవం నిలబెట్టుకుంది. మన దగ్గర మాత్రం వీధిన పడింది.

ఎలా పడిందో ఊహించడం కష్టం కాదు. తగవు చెప్పే పెద్దమనిషి దగ్గరికి తగవు కోసం పోయేవాళ్ళు. తగవు కోసం పోవాలంటే ముందు పేచీ ఉండాలి. పోగా పోగా తీర్పుకున్న పేరు పేచీకి అంటుకుంది. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పని మొదలైన 1852లోనే సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. అందులో తగవుకు న్యాయమన్న అర్థమూ ఉంది, జగడమన్న అర్థమూ ఉంది. బ్రౌన్ 1820లలో కొన్నేళ్ళు మచిలీపట్నంలో కంపెనీ కొలువు చేసినవాడు. మన మాటను అటూ ఇటూ కాని దశలో పట్టుకుని కాగితం మీద పెట్టాడు. ఆయనకు మనం పడ్డ రుణాల్లో నేను దీన్నీ లెక్కేస్తాను. ఇప్పుడు నూటికి తొంభై మందికి తగవు అంటే కొట్లాటే. తగవులో ఒకప్పుడు న్యాయం ఉండేదంటే నమ్మరు.

అనుమానం ఉంటే ‘పంచాయితీ’ని చూడండి. అయిదుగురు కూచుని మంచి చెప్పే సభ అది. ‘నాతో పంచాయితీ పెట్టుకోకు’ అన్నప్పుడు దాని అర్థమేమిటో వివరించనక్కర్లేదు. ‘తగాదా’ను మాత్రం ఈ వంశంలో కలపకూడదు. చెవికి తగవుకు తమ్ముడిలా వినిపిస్తుంది గానీ, అది అరబ్బీ ‘తకాజా’ పారసీ, ఉర్దూల మీదుగా మన ఊళ్ళకు వచ్చిన రూపం. బాకీ కోసం గుమ్మంలో కూచుని ఒత్తిడి చేయడం దాని మొదటి అర్థం.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఇంగ్లీషు. ‘తగిన’ అనడానికి వాళ్ళు సర్వసాధారణంగా వాడే మాట ‘సూటబుల్’. అందులో ఉన్నది ‘సూట్’. అనుసరించడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ప్రభువు కొలువుకు కౌలుదార్లు విధిగా హాజరు కావడం ఒకప్పుడు ‘సూట్’. ప్రభువు వెంట నడిచే పరివారానికి ఒకే రకం దుస్తులు ఇచ్చేవారు, అదీ సూటే. ఒకదానికొకటి జతపడేవి కనుక నప్పడమూ సూటే అయింది. కొలువు కాస్తా న్యాయస్థానమయ్యాక అక్కడ వేసే దావా కూడా సూటే. విజయవాడ సివిల్ కోర్టులో ‘ఓఎస్ నంబరెంత?’ అని అడుగుతుంటారు. ఆ ఎస్ ఈ సూటే. సముద్రాలకు అటూ ఇటూ ఉన్న రెండు భాషలు, ఏ చుట్టరికమూ లేకుండా, వేరు వేరు దారుల్లో నడిచి, తగినదాన్నీ తగవునూ ఒకే ఇంట్లో కాపురం పెట్టించాయి.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘ఉచితం’ ప్రయాణం మరో రకం. దానికీ తగినదనే అర్థం. పదకొండో శతాబ్దపు కాశ్మీరంలో క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమేనని వాదించి ఒక గ్రంథమే రాశాడు. మన కథల్లో రాజులు పండితులకు ఉచితాలిచ్చి పంపేవారు. వాళ్ళ యోగ్యతకు తగిన కానుకలన్న మాట. కానుకకు వెల కట్టరు గనక, వెల లేనిదల్లా ఉచితమైంది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళు టిక్కెట్టు లేకుండా బస్సెక్కే స్త్రీశక్తి పథకం మొదలైన దగ్గర్నుంచి పండిట్ నెహ్రూ బస్టాండులో పొద్దస్తమానం వినిపించే మాట ఇదే. ఇదే మాటతో హిందీ ప్రాంతాలకు వెళ్ళిన తెలుగువాడు తికమకపడతాడు. అక్కడ రేషన్ దుకాణం మీద ‘ఉచిత్ మూల్య్ కీ దుకాన్’ అని ఉంటుంది. సరసమైన ధర అని వాళ్ళ ఉద్దేశం. మనవాడు సంచీ చాపి డబ్బులక్కర్లేదనుకుంటాడు.

పర్యాయపదాల పట్టికలు ఇలాంటి మాటలన్నిటినీ ఒకే వరసలో నిలబెడతాయి. నోటి భాష అలా నిలబెట్టదు. వన్‌టౌన్ వస్త్రలతలో చీర భుజాన వేసి చూపే కుర్రాడు ‘ఈ రంగు మీకు నప్పుతుందమ్మా’ అంటాడు గానీ ‘అనువుగా ఉంటుంది’ అనడు. వంకాయ ఒంటికి పడదు. కాపురం పొసగదు. అద్దె కుదురుతుంది, జ్వరమూ కుదురుతుంది. ఇల్లు కొన్నాక నాలుగేళ్ళు చల్లగా గడిస్తేనే ‘అచ్చొచ్చింది’ అంటాం, ముందుగా అనలేం. ఆ ఒక్క మాటకు సరైన జోడీ నాకు ఇంగ్లీషులో ఇంతవరకూ దొరకలేదు.

పొలంలో అయితే తగిన అన్న మాటే వినపడదు. అక్కడ ఉన్నవి అదను, పదును. తగిన వేళ అదను, మట్టిలో తగిన తేమ పదును. సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుములు చల్లడం డెల్టా పద్ధతి. కోసిన తర్వాత దున్నరు, తడి పెట్టరు. వరి వదిలిన తేమతోనే మినుము మొలవాలి, కాయాలి. తేమ ఎక్కువైతే గింజ కుళ్ళుతుంది, తక్కువైతే మొలవదు. మా పెదనాన్న చెప్పులు గట్టు మీద వదిలి వరిలోకి దిగి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి తన అడుగుల్నే చూసుకునేవాడు. పాదం అచ్చు పడాలి, కాలు దిగబడకూడదు, అచ్చులో నీరు ఊరకూడదు. ‘పదునుందిరా, రేపు చల్లేద్దాం’ అనేవాడు. ఆ ఒక్క మాటకు ఇంటిల్లిపాదీ కదిలేవాళ్ళం.

ఈ మధ్య ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు వెళ్ళాను. లారీ కింద పడుకుని ఉన్న మేస్త్రీ చేతిలో బేరింగు పట్టుకుని ‘ఇది దీనికి కూచోదండి’ అన్నాడు. అతికేదాన్ని ‘కూచుంది’ అంటారు వాళ్ళు. అది ఎంతో బాగుందనిపించి కాసేపు అక్కడే నిలబడ్డాను. లారీ ఓనరు మాత్రం ఎఫ్సీ గడువు దగ్గరపడిందని కంగారు పడుతున్నాడు. ఎఫ్సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనన్న కాగితం. ఇంతలో షెడ్డు వెనకనుంచి కేకలు వినిపించాయి. కూలి లెక్క దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు మాటామాటా అనుకుంటున్నారు. ఒకడు మూడోవాడి వైపు వేలు చూపించి అరిచాడు:

‘మా ఇద్దరి మధ్యా ఫిట్టింగ్ పెట్టింది నువ్వే కదరా!’