ఉపగ్రహం నుంచి ఉపకేంద్రం దాకా

చిత్తూరు జిల్లా అరగొండలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రి 2000 మార్చి 24న పత్రికలకెక్కింది. అపోలో వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంత ఊరది. అక్కడి రోగిని చెన్నైలోని నిపుణులు తెర మీద చూసి వైద్యం చెప్పే ఏర్పాటును అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించారు. బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో పట్నవాసులకే సరిగా తెలియని రోజులవి. మన దేశంలో ప్రజావైద్యానికి సమాచార జాలం వేసిన కథకు అరగొండను మొదటి మజిలీగా తీసుకోవచ్చు. మొదలైంది ప్రైవేటు ఆసుపత్రిలోనే అయినా, దాన్ని దేశమంతటికీ తీసుకెళ్లింది ప్రభుత్వ సంస్థ అయిన ఇస్రో.

2001 నుంచి ఇస్రో జిల్లా ఆసుపత్రులను పెద్దాసుపత్రులతో ఉపగ్రహం ద్వారా కలుపుతూ వచ్చింది. పరికరాలు, సాఫ్ట్‌వేర్, బ్యాండ్‌విడ్త్ ఇస్రోవి. గది, కరెంటు, మనుషులు రాష్ట్రాలవి, ఆసుపత్రులవి. కర్ణాటకలోని చామరాజనగర్ జిల్లా ఆసుపత్రి బెంగళూరు నారాయణ హృదయాలయతోనూ, పోర్ట్‌బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రి చెన్నై శ్రీరామచంద్ర ఆసుపత్రితోనూ ముడిపడ్డాయి. తర్వాతి ఏళ్లలో ఈ జాలంలోకి దాదాపు 380 ఆసుపత్రులు చేరాయి.

ఆ లైన్ల వేగం సాధారణంగా సెకనుకు 384 కిలోబిట్లు. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కిలోబిట్లు ఉంటే చాలంది కాబట్టి, ఆనాటి లెక్కలో అది మంచి వేగమే. పని దగ్గరికొచ్చేసరికి మరో సంగతి. 10 మెగాబైట్ల ఎక్స్‌రే ఫైలు ఆ లైనులో వెళ్లడానికి మూడున్నర నిమిషాలు పడుతుంది. 100 మెగాబైట్ల సీటీ స్కాన్ పంపాలంటే అరగంట దాటుతుంది. పైగా ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. డాక్టరు ప్రశ్న కిందికి చేరి, రోగి జవాబు మళ్లీ డాక్టరుకు వినపడేసరికి అరసెకను జాప్యం. ఈలోగా రోగికి వినపడలేదేమోనని డాక్టరు మళ్లీ అడుగుతాడు, ఇద్దరి మాటలూ కలగాపులగమవుతాయి.

అయినా ఆ లైను విలువను తక్కువ చేయలేం. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను అతలాకుతలం చేసినప్పుడు, అక్కడి వైద్యులు ప్రధాన భూభాగంలోని నిపుణులతో మాట్లాడటానికి ఈ ఉపగ్రహ జాలమే ఆసరా అయింది. చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైంది 2020 ఆగస్టు 10న. అప్పటిదాకా అక్కడి ఆసుపత్రులకు దిక్కు ఉపగ్రహమే. దీవుల్లోని రోగి కూడా ఈ దేశ పౌరుడేనని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టిందని నా బాధ.

నేల మీద మాత్రం ఇస్రో కేంద్రాల్లో చాలావాటికి అలసట ముందే మొదలైంది. శిక్షణ పొందిన టెక్నీషియన్‌కు బదిలీ అయితే ఆ గదికి తాళం పడేది. బ్యాటరీ పోతే కొత్తది కొనడానికి పద్దు ఉండేది కాదు. రెండో కొసన నిపుణుడు తన ఓపీ చూసుకున్నాకే తెర ముందుకు వచ్చేవాడు. లైను వేసినవారిది తప్పనలేం, ఆ లైను మీద రోజూ కూర్చోవలసిన ఉద్యోగాన్ని ఎవరూ సృష్టించలేదు.

ఆ తర్వాత కథ ఆకాశం నుంచి నేలకు దిగింది. 2010 మార్చిలో 5,990 కోట్ల రూపాయలతో ఆమోదం పొందిన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ విశ్వవిద్యాలయాలకు, పరిశోధనాలయాలకు, వైద్య కళాశాలలకు గిగాబిట్ వేగాన్ని ఇచ్చింది. 2011 అక్టోబరులో కేంద్రం రెండున్నర లక్షల పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేయాలని, ఒక్కోదానికి 100 మెగాబిట్లు ఇవ్వాలని నిర్ణయించింది. టెలికాం కంపెనీల ఆదాయం నుంచి వసూలయ్యే సార్వత్రిక సేవా నిధే దీనికి పెట్టుబడి. తర్వాత ఈ పథకానికే భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మొదటి లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 ముగింపుకొచ్చింది. మన రెండు రాష్ట్రాలూ చెరో దారి ఎంచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. తెలంగాణ మిషన్ భగీరథ మంచినీటి గొట్టాలకు తవ్విన కందకాల్లోనే ఫైబర్‌నూ వేసింది.

వైద్యానికి కావలసిన మనిషి వచ్చింది 2018లో. ఆయుష్మాన్ భారత్ కింద లక్షన్నర ఆరోగ్య ఉపకేంద్రాలను, పీహెచ్‌సీలను వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చాలని తలపెట్టి, ఉపకేంద్రాల్లో నర్సింగ్ చదివినవారిని నియమించారు. మొహాలీలోని ప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించిన దూరవైద్య వేదిక ఈ-సంజీవనిని 2019 నవంబరులో ఈ కేంద్రాల్లో మొట్టమొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు, దూరం నుంచి మందు రాయవచ్చా అన్న వైద్యుల సందేహాన్ని తీర్చాయి. 2023 ఫిబ్రవరికల్లా ఈ-సంజీవని సంప్రదింపులు 10 కోట్లు దాటాయి.

ఉపకేంద్రంలో జరిగే పని చూస్తే ఇన్ని కోట్లు ఎలా అయ్యాయో అర్థమవుతుంది. కాళ్లవాపుతో వచ్చిన పెద్దావిడకు నర్సు బీపీ చూసి, షుగరు పరీక్ష చేసి, ట్యాబ్‌లో వివరాలు ఎక్కిస్తుంది. వరుసలో వంతు రాగానే హబ్ అనే దూరపు కేంద్రంలోని డాక్టరు తెర మీదికొస్తాడు. వాపు మీద వేలితో నొక్కి గుంట పడుతోందో లేదో చెప్పేది నర్సే. "పెద్దమ్మా, రాత్రి పడుకుంటే ఆయాసం వస్తోందా?" అని డాక్టరు మాటను ఊరి మాటలో అడిగేదీ ఆమే. చీటీ అక్కడే వస్తుంది, మందులూ అక్కడే ఇస్తారు. అరగొండ నాటి తెరకు, ఈ ట్యాబ్‌కు మధ్య జరిగిన అసలు మార్పు ఈ నర్సు ఉద్యోగమే. బ్రాడ్‌బ్యాండ్ వేగానికి రెండో స్థానమే ఇస్తాను.

కానీ ఆ ట్యాబ్ చాలాచోట్ల నడిచేది సిమ్ కార్డు మీద. భారత్‌నెట్ ఫైబర్ పంచాయతీ కార్యాలయం దగ్గర ఆగిపోతుంది. ఉపకేంద్రం మరో వీధిలోనో, ఊరి చివరో ఉంటుంది. సిగ్నల్ పలచబడగానే వీడియో ఆగి, మాట మాత్రమే మిగులుతుంది. దగ్గుకీ జ్వరానికీ మాటతో సరిపోవచ్చు గానీ ఈసీజీ పంపడానికి, చర్మవ్యాధి చూపించడానికి స్థిరమైన లైను కావాలి. పాత భారత్‌నెట్‌కు మరో లోపమూ ఉంది. తీగను ఒకే వరుసలో లాగడం వల్ల రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఒకచోట కోస్తే, ఆపై పంచాయతీలన్నీ మూగబోయేవి.

2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో తీగ వలయంగా వేస్తారు. ఒకచోట తెగినా రెండోవైపు నుంచి సంకేతం వస్తుంది. పదేళ్ల నిర్వహణ బాధ్యతనూ కాంట్రాక్టులోనే చేర్చారు. ఇస్రో రోజుల్లో లేనిది సరిగ్గా ఇదే కాబట్టి ఈ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. దానితోపాటు పంచాయతీ నుంచి ఉపకేంద్రానికి లైను లాగే ఖర్చును, ప్రతినెలా కట్టాల్సిన బిల్లును ఆరోగ్యశాఖ తన పద్దులోనే చూపాలి. పురోగతి నివేదికల్లో వేసిన కిలోమీటర్ల పక్కన, ఆ లైను మీద నెలనెలా వైద్యం పొందినవారి సంఖ్యనూ ఉపకేంద్రాల వారీగా అచ్చువేయాలి.