రెండో వయొలిన్ ముందు మొదలవుతుంది

 

సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. బడి జ్ఞాపకాలు చాలామంది రాస్తారు కదా, నేను కొంచెం చరిత్ర రాస్తానన్నాను. "ఏం చరిత్ర?" అన్నాడు. జపాన్ పిల్లలు వయొలిన్ వాయిస్తే పెద్దపెద్ద సంగీత విద్వాంసులు కళ్ళనీళ్ళు పెట్టుకున్న సంగతి అన్నాను. "దానికీ మన బడికీ ఏం సంబంధంరా?" అన్నాడు. ఉంది. చివర చెబుతాను.

1999లో కంపెనీ పనిమీద ఐదు నెలలు నగోయాలో ఉన్నాను. నాతో పనిచేసే ఒక జపాన్ ఇంజినీరు, తన కూతురు వాయిస్తోంది రమ్మని ఒక ఆదివారం పిలిచాడు. కాదంటే బాగుండదని వెళ్ళాను. అప్పటికి వయొలిన్ అంటే నాకు తెలిసింది మా నాన్నగారు రేడియోలో వినే ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కచేరీలే. వేదిక మీద అరవైమంది దాకా పిల్లలున్నారు. ముందు వరసలోని చిన్నవాళ్ళ చేతుల్లో వయొలిన్లు బొమ్మల్లా ఉన్నాయి. తల ఊపి ఒక్కసారిగా మొదలుపెట్టారు. ఒక గుంపు ఒక వరస ఎత్తుకుంది. కాసేపటికి రెండో గుంపు అదే వరసను పైస్థాయిలో అందుకుంది. ఆ తరవాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. నాకు ఆ సంగీతం గురించి ఏమీ తెలియదు. అయినా ఒళ్ళు జలదరించింది.

అయిపోయాక ఇంజినీరు బుద్ధి ఊరుకోదు కదా, "ఈ పిల్లల్ని ఎలా ఎంపిక చేశారు?" అని అడిగాను. అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగితే, "ఎంపిక ఏమీ లేదు, నేర్చుకుంటున్న వాళ్ళందరూ వచ్చారు" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తరవాత చదువుకుంటే తెలిసింది, నాకంటే నలభై ఏళ్ళ ముందు విన్నవాళ్ళు కూడా మొదట అదే అడిగారని.

ఆ పిల్లలు వాయించింది జర్మనీ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) రెండు వయొలిన్ల కోసం రాసిన డి మైనర్ కచేరీ రచనలో మొదటి భాగం. యూరప్ సంగీతంలో బరోక్ అని పిలిచే కాలానికి చెందిన రచన అది. ఇందులో ఇద్దరు వాయిద్యకారులూ సమానులే. ఒకరు విద్వాంసుడు, ఇంకొకరు పక్కవాద్యం కాదు. పైగా మొదలుపెట్టేది 'రెండో' వయొలిన్. నాలుగు కొలతలు గడిచాక 'మొదటి' వయొలిన్ అదే వరసతో వచ్చి కలుస్తుంది. ఒకరు చెప్పింది ఇంకొకరు విని, అందుకుని, తిరిగి అప్పజెబుతారు. అందుకేనేమో గురుశిష్యులకు ఈ రచన బాగా కుదిరింది. 1932లో పదహారేళ్ళ యెహూదీ మెనూహిన్ తన గురువు జార్జ్ ఎనెస్కోతో కలిసి దీన్ని రికార్డు చేశాడు. డేవిడ్ ఓయిస్త్రాఖ్ తన కొడుకు ఈగోర్‌తో కలిసి వాయించేవాడు. అంటే ఇది మహామహుల చేతుల్లో తిరిగే రచన.

దీన్ని పసిపిల్లల చేతికిచ్చినవాడు షినిచి సుజుకి. 1898లో నగోయాలో పుట్టాడు. తండ్రికి వయొలిన్ల ఫ్యాక్టరీ ఉండేది. 1920లలో బెర్లిన్ వెళ్ళి చదువుకున్నాడు. తిరిగొచ్చి పాఠాలు చెబుతున్న రోజుల్లో ఒకాయన నాలుగేళ్ళ కొడుకుని తీసుకొచ్చి నేర్పమన్నాడు. అంత చిన్నవాడికి ఎలా నేర్పాలా అని ఆలోచిస్తుంటే సుజుకికి ఒక మామూలు విషయం తట్టింది. జపాన్ పిల్లలందరూ జపాన్ భాష మాట్లాడుతున్నారు! మాతృభాష రాని పిల్లవాడు లేడు, ఆ భాషకు ప్రవేశ పరీక్షా లేదు. తల్లి మాట వింటారు, తప్పుగా పలుకుతారు, మళ్ళీ పలుకుతారు. వచ్చిన మాటను వదిలెయ్యకుండా రోజూ వాడుతూనే కొత్త మాట నేర్చుకుంటారు. సంగీతం కూడా ఇలాగే ఎందుకు రాదు అనుకున్నాడు.

యుద్ధంలో జపాన్ ఓడిపోయిన మరుసటి ఏడాది, 1946లో, మత్సుమొతో ఊళ్ళో బడి మొదలైంది. పిల్లవాడితోపాటు తల్లి కూడా పాఠానికి రావాలి. ముందు వినడం, తరవాత వాయించడం, ఆ తరవాతే రాత చదవడం. 1955లో టోక్యోలో వెయ్యికి పైగా పిల్లలు ఒకేచోట వాయించారు. వాళ్ళు వాయించిన వాటిలో బాఖ్ రెండు వయొలిన్ల రచన ఉంది. దాన్ని ఫిల్ము తీశారు.

ఆ ఫిల్మును కెంజీ మొచిజుకి అనే జపాన్ విద్యార్థి అమెరికాలో ఓహైయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కాలేజీకి చేర్చాడు. 1958లో అక్కడి వయొలిన్ టీచర్ల సమావేశంలో చూపించారు. చూసినవాళ్ళు మామూలు శ్రోతలు కారు. ఆ రచన నేర్పడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలిసినవాళ్ళు. తమ కాలేజీ విద్యార్థులు కష్టపడే స్వరాలను వందలమంది చిన్నపిల్లలు ఒక్కగొంతుగా పలికిస్తుంటే వాళ్ళకు నోట మాట రాలేదు. వెయ్యిమంది బాలమేధావులు ఒక దేశంలో ఒకేసారి పుట్టరు కదా! మరి ఎలా? జాన్ కెండాల్ అనే టీచరు ఆ సంగతి తేల్చుకోవడానికి 1959లో జపాన్ వెళ్ళాడు. అక్కడ రహస్యమేమీ కనబడలేదు. తల్లులు, ఓపికగల టీచర్లు, రోజూ సాధన, అంతే.

1961 ఏప్రిల్‌లో సెల్లో వాద్య విద్వాంసుడు పాబ్లో కసాల్స్ టోక్యో వచ్చారు. అప్పటికి ఆయనకు 84 ఏళ్ళు. సొంత దేశం స్పెయిన్‌లో నియంత పాలనకు తలవంచక ఇరవై ఏళ్ళుగా పరాయి నేల మీద బతుకుతున్న మనిషి. నాలుగువందల మంది పిల్లలు ఆయన ముందు వాయించారు. చిన్నపాటలతో మొదలై వివాల్డీ, ఆ తరవాత బాఖ్ రెండు వయొలిన్ల రచన వచ్చేసరికి ఆ ముసలాయన ఏడుస్తున్నారని సుజుకి రాసుకున్నారు. వేదిక మీదికి వెళ్ళి పిల్లలను దగ్గరకు తీసుకుని, ప్రపంచాన్ని కాపాడేది సంగీతమేనేమో అన్నారట. రెండు యుద్ధాలు చూసిన మనిషి, పదహారేళ్ళ కిందట బాంబులకు కాలిపోయిన ఊళ్ళో నిలబడి అన్న మాట అది.

1964లో సుజుకి పదిమంది పిల్లలతో అమెరికా తిరిగారు. ఫిలడెల్ఫియాలో సంగీత ఉపాధ్యాయుల మహాసభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అందరూ మెచ్చుకున్నారని మాత్రం చెప్పను. అందరిదీ ఒకే అచ్చు, యంత్రాల్లా వాయిస్తున్నారు, రాత చదవడం ఆలస్యంగా నేర్పుతున్నారు అని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ మాటల్లో కొంత నిజమూ ఉంది. సుజుకి మాత్రం విద్వాంసులను తయారుచెయ్యడం నా పని కాదు, మంచి మనుషులను తయారుచెయ్యడమే నా పని అనేవారు. ఆయన పాఠ్యపుస్తకాల్లో నాలుగోదానిలో పిల్లవాడు ఈ రచనలోని రెండో వయొలిన్ నేర్చుకుంటాడు. మొదటి వయొలిన్ ఐదో పుస్తకంలో గాని రాదు.

ఇప్పుడు మన బడి సంగతి.

నేను 1986 పదో తరగతి బ్యాచ్. నాకు నత్తి ఉండేదని ఆనాటి మిత్రులకు గుర్తుండే ఉంటుంది. హాజరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అనడానికి నా నోరు తిరిగేది కాదు, క్లాసంతా నవ్వేది. మన తెలుగు మాస్టారు (పేరు రాయనక్కర్లేదు, మీకందరికీ తెలుసు) పద్యం ఎప్పుడూ ఒక్కడి చేత చెప్పించేవారు కాదు. ముందు క్లాసంతా కలిసి చెప్పాలి. వచ్చినవాడూ, రానివాడూ, చివరి బెంచీవాడూ అందరూ. ఆ గుంపులో నాకు నత్తి వచ్చేది కాదు. నేను గమనించకముందే ఆయన గమనించారు.

ఒకరోజు బడి వదిలాక ఉండమన్నారు. "ఇద్దరం కలిసి చెబుదాం రా" అన్నారు. చెప్పాం. కొన్నాళ్ళకు ఆయన గొంతు కొంచెం తగ్గించారు. ఇంకొన్నాళ్ళకు, "నువ్వు మొదలుపెట్టు, నేను వెనకాలే అందుకుంటా" అన్నారు. ఆ ఏడు వార్షికోత్సవంలో నేను ఒక్కణ్ణే నిలబడి పద్యం చదివాను. మాస్టారు తెర పక్కన నిలబడి పెదాలు కదుపుతున్నారు. నత్తి పూర్తిగా పోలేదు, ఇప్పటికీ ఫోనులో అప్పుడప్పుడు పలకరిస్తుంది. కానీ ఇంటర్వ్యూలో నోరు విప్పి ఉద్యోగం తెచ్చుకున్నాను.

నగోయాలో ఆ పిల్లలు మొదలుపెట్టగానే నాకు ఒళ్ళు ఎందుకు జలదరించిందో చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. ఒకరు మొదలుపెడితే వెనకాలే వచ్చి అందుకున్న గొంతును నేను అంతకుముందే విన్నాను. ఆ మాట చెబుదామని అనుకునేలోపు మాస్టారు వెళ్ళిపోయారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చివరిగా ఒక విన్నపం. మన సంఘం ఏటా పదో తరగతిలో మొదటి ముగ్గురికి బహుమతులిస్తోంది. ఇవ్వాల్సిందే. దాంతోపాటు ఈ స్వర్ణోత్సవం నుంచి, వెనకబడిన పిల్లలతో రోజూ సాయంత్రం ఒక గంట కలిసి కూర్చుని చదివించే ఏర్పాటు కూడా చేద్దాం. ఎంపిక అక్కర్లేదు, వచ్చిన వాళ్ళందరూ రావచ్చు. దానికయ్యే ఖర్చులో నా వంతు ఇస్తాను. ఊరికి వచ్చినప్పుడల్లా ఆ గంట వెళ్ళి కూర్చుంటాను కూడా. పిల్లలు మొదలుపెడితే వెనకాల అందుకోవడం నాకు వచ్చు.